గోదారి పొంగేలోగా జాడీ నింపుదాం!

భద్రాద్రిలో శ్రీరామనవమి కల్యాణం అయిపోయి, తలంబ్రాల పొట్లం దేవుడి గూట్లో పెట్టుకున్నామో లేదో, ఇంకో పని మన నెత్తిన పడుతుంది. డాబా కడగాలి. ఈత చాపలు దులపాలి. అటక మీది జాడీలు దించి, తోమి, ఎండలో బోర్లించాలి. "ఎండలు మండిపోతున్నాయమ్మా" అని లోకమంతా విసుక్కునే ఆ రోజుల కోసం ఏడాదంతా ఎదురుచూసేది ఎవరంటే, మనమే! ఇల్లాళ్లం.

నవమి నుంచి మృగశిర కార్తె దాకా లెక్కేసుకుంటే రెండు నెలల పైచిలుకు. ఆ లోపల పెరట్లో కాసిందీ, చెట్టున పండిందీ, సంతలో చవగ్గా దొరికిందీ అంతా నిలవకి ఎక్కేయాలి. ఎక్కడైనా చేసేదే కదా అంటారా? నిజమే. కానీ మిగతా ఊళ్లవాళ్లకి వడియాలూ వరుగులూ నోటి రుచి కోసం. గోదారి ఒడ్డున ఉన్న మనకి అంతకంటే పెద్ద కారణం ఒకటుంది.

భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెలు ఇక్కడి పసిపిల్లలక్కూడా కంఠతా వచ్చు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. ఆ ఏడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. అసలు నది సంగతి పక్కనపెట్టినా, చర్ల, దుమ్ముగూడెం వైపు వాగులు పొంగి దారి మునిగితే కూరల ఆటో ఎక్కడినుంచి వస్తుంది? పెరట్లో బీరపాదు, టమాటా మొక్క అప్పటికే నీళ్లలో నాని కుళ్లిపోయి ఉంటాయి. ఆ నాలుగు రోజులు, ఒక్కోసారి పది రోజులు, కంచంలోకి ఏమొస్తుందన్నది మనం ఏప్రిల్లో ఏం చేశామన్న దాని మీదే ఉంటుంది. (2016 నుంచి మనది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయినా, నోటికి ఖమ్మం జిల్లా అనే వస్తోంది. ఈ అలవాటు కూడా నిలవ పచ్చడి లాంటిదే కాబోలు!)

అయితే నిలవ చేయడం అందరికీ వచ్చినా, అది ఎందుకు నిలుస్తుందన్నది తెలిసినవాళ్లు తక్కువ. ఎందుకన్నది తెలియకపోతే ఏమవుతుందంటే, పెద్దవాళ్ల పద్ధతిలో ఏది మార్చుకోవచ్చో, ఏది మార్చకూడదో తెలియదు. ఉప్పు తగ్గించేస్తాం. యూట్యూబులో చూసిన గాజుసీసాల్లో చిక్కుడు గింజలు పెట్టేస్తాం. అక్కడే వస్తుంది ముప్పు. అది ఒక జాడీ పచ్చడి పాడవడంతో పోయేది కాదు, ప్రాణం మీదకి తెచ్చేది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు ఎండ సంగతి చూద్దాం.

నాలుగు ఎండల పని

కూర పాడయ్యేది అందులోని నీటి వల్ల. కంటికి కనిపించని క్రిములకి, బూజుకి బతకడానికి తడి కావాలి. తడి తీసేస్తే అవి పెరగలేవు. ఉప్పూ చక్కెరా చేసే పనీ ఇదే. తడిని బయటికి పంపకుండా, క్రిములకి అందకుండా తామే పట్టి ఉంచుతాయి. పులుపు ఇంకో కాపలా. పైన తేలే నూనె బూజుకి గాలి తగలనివ్వదు. పొయ్యి మీద దండేనికి వేలాడదీసిన మొక్కజొన్న కంకులకి పట్టే పొగ మరో కాపలా. మన నిలవలన్నీ వీటిలో ఏదో ఒకదాని మీదో, రెండు మూడింటి మీదో నిలబడ్డవే.

వరుగుల్నే చూడండి. వంకాయలో నూటికి తొంభై పాళ్లకి పైగా నీళ్లే. కిలో వంకాయలు కోసి ఎండబెడితే చివరికి వంద గ్రాములు కూడా తూగవు. "ఇంతేనా!" అని నీరసం వస్తుంది, నిజమే. కానీ ఆ వంద గ్రాములు నానబెడితే ఇంటిల్లిపాదికీ ఒక పూట కూర. ఫ్రిజ్ అక్కర్లేదు, కరెంటు పోతే భయం లేదు.

వంకాయ, కాకర, దోస, బెండ, గోరుచిక్కుడు, మామిడి, టమాటా... ఏదైనా ముదరనిది, పుచ్చు లేనిది చూసి కోయండి. ముక్కలన్నీ ఒకే మందంలో ఉండాలి. ఒకటి పల్చగా, ఒకటి లావుగా ఉంటే పల్చనిది ఎండి గలగలలాడుతుంటే లావుది లోపల తడిగానే ఉంటుంది. ఆ ఒక్క ముక్క చాలు, డబ్బా మొత్తానికి బూజు పట్టించడానికి. వంకాయ, గోరుచిక్కుడు, బెండ లాంటివాటిని కోశాక ఉప్పు, చిటికెడు పసుపు వేసిన మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచి తీసేయండి. రంగు నల్లబడదు, త్వరగా ఎండుతుంది, తర్వాత ఉడికేటప్పుడు పీచులా ఉండదు. కాకరకాయకి ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో ఒక రాత్రి ఉంచడం మన పాత పద్ధతి. చేదు తగ్గి రుచిగా ఉంటుంది. మామిడికి ఉప్పూ పసుపూ చాలు, నీళ్లలో ముంచక్కర్లేదు.

చాప మీద గుడ్డ పరిచి, ముక్క ముక్కకి తగలకుండా సర్ది, పైన పాత దోమతెర కప్పండి. ఈగలు వాలవు, గాలి ఆడుతుంది. నేల మీద కంటే నులకమంచం మీద పరిస్తే కింద నుంచి కూడా గాలి తగిలి ఒక ఎండ తగ్గుతుంది. పొద్దువాలకముందే లోపలికి తెచ్చేయాలి. మంచు తగిలితే పగలు పడ్డ కష్టమంతా వృథా. పల్చటి ముక్కకి మూడు, లావు ముక్కకి నాలుగైదు ఎండలు పడతాయి.

ఎండిందో లేదో ఎలా తెలుసుకోవడం? మా అత్తగారి దగ్గర నేను కొత్తలో రోజూ అడిగేదాన్ని, "తీసెయ్యొచ్చా అత్తయ్యా?" అని. ఆవిడ పనిచేసుకుంటూనే, తల తిప్పకుండా చెప్పేవారు. "ఇరిచి చూడవే. టక్కుమంటే తియ్యి. వంగిందంటే ఇంకో ఎండ పెట్టు." ముప్పై ఏళ్లయినా ఇంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు. దానికి నేను కలిపిన జాగ్రత్త ఒక్కటే. ఎండిన వరుగుల్ని నేరుగా డబ్బాకెక్కించకుండా, వారం రోజులు గాజుసీసాలో పోసి మూతపెట్టి రోజూ ఒకసారి కుదిపి చూడండి. సీసా లోపలి గోడకి చెమట పట్టినట్టు ఆవిరి కనబడిందా, ఇంకో ఎండ పడాల్సిందే. వారం పొడిగా ఉంటే అప్పుడు అటకెక్కించవచ్చు.

ఆకుల విషయంలో మాత్రం ఎండ పనికిరాదు. మునగాకు, కరివేపాకు, గోంగూర నీడనే ఆరబెట్టుకోవాలి. ఎండ తగిలితే ఆకుపచ్చ రంగుతోపాటు కంటికి మేలుచేసే ఎ విటమిన్ కూడా తగ్గిపోతుంది. నీడలో ఆరిన మునగాకుని చేత్తో నలిపి పొడి చేసి పెట్టుకుంటే, వర్షాకాలంలో పప్పులోకి రెండు చెంచాలు వేయొచ్చు. పిల్లలు కనిపెట్టలేరు కూడా!

అడవి నేర్పిన పాఠం

నిలవ పెట్టడంలో మనకంటే ఆరితేరినవాళ్లు మన పక్కనే ఉన్నారు. చుట్టూ ఉన్న కోయ గూడేల్లో చూడండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలిన ఇప్పపువ్వు ఏరి, ఎండబెట్టి దాచుకుంటారు. దాంట్లో సహజంగా ఉన్న తీపే దానికి కాపలా. ఇప్పపువ్వు అనగానే సారా గుర్తొచ్చి నవ్వేవాళ్లున్నారుగానీ, అది మొదట తిండి. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు కూడా. చింతపండు గింజా ఈనె తీసి, ఎండబెట్టి, ఉప్పు చల్లి కుండలో దట్టించడం. విత్తనాలు బూడిద కలిపి సొరకాయ బుర్రలో పోయడం – ఇవన్నీ పైసా ఖర్చు లేని నిలవలు. ఇంకో మర్యాద కూడా ఉంది వాళ్లకి. కొత్త పండుగ చేయనిదే కొత్త పంట నోట పెట్టరు. కాయ ముదిరాకే కోయాలన్న జాగ్రత్త ఆ కట్టుబాటులోనే దాగి ఉంది.

మామిడి టెంక సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మనం పండు తిని టెంక పారేస్తాం. అడవి పల్లెల్లో దాన్ని పగలగొట్టి, లోపలి జీడిని ఎండబెట్టి, దంచి, వగరు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి నానబెట్టి, వానాకాలంలో గింజలు అయిపోయిన రోజుల్లో అంబలి కాచుకుంటారు. సరిగ్గా ఎండినంత కాలం అది ఆకలి తీర్చే తిండే. కానీ ఒడిశాలో రాయగడ జిల్లా కాశీపూర్‌లో 2001లోనూ, కంధమాల్ జిల్లాలో 2024లోనూ మామిడి టెంక గంజి తాగి మనుషులు చనిపోయారు. తడి తగిలి బూజు పట్టిన టెంకలే దానికి కారణమన్న మాట రెండుసార్లూ వినబడింది. ఇంట్లో వేరే గింజ లేక తాగిన గంజి అది.

అక్కడ టెంక, మన ఇంట్లో మిరపకాయ. చర్ల, వెంకటాపురం వైపు గోదారి ఒడ్డు మిరప ఎలా పండుతుందో మీకు తెలుసు. కల్లంలో ఆరబోసిన కాయ మీద ఒక్క జల్లు పడి, సరిగా ఆరకుండా గోతానికెక్కితే లోపల బూజు పడుతుంది. వేరుశనగకీ అంతే. ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. కాబట్టి కారం పట్టించేముందు కాయల్ని తొడిమ తీసేటప్పుడే ఒక్కోటి చీల్చి చూడండి. లోపల బూడిదరంగు పొడి కనబడితే పారేయండి. "కిలోకి ఇంత పెట్టి కొన్నాం" అని మనసొప్పదు. నాకూ ఒప్పదు. అయినా పారేయండి.

పచ్చడి మీద తెల్లటి బూజు కనబడితే పైపైన గరిటెతో తీసేసి, కిందిది బాగానే ఉందని కలిపేయడం మనలో చాలామందికి అలవాటు. పైన కనబడేది బూజుకి పువ్వు లాంటిది, దాని వేళ్లు కిందదాకా ఉంటాయి. ఆ జాడీ ఇక వద్దు.

ఉప్పు తగ్గించకండి, ముద్ద తగ్గించండి

ఆవకాయ మీకు నేను నేర్పాలా? కిలో ముక్కలకి పావుకిలో ఆవపిండి, పావుకిలో కారం, రెండొందల గ్రాముల ఉప్పు, అరకిలో నూనె. ఎవరింటి లెక్క వారిది, చేతివాటం కూడా ఎవరిది వారిదే. ఒక్క మాట మాత్రం చెప్పాలి. కిలో ముక్కల్లో ఎనిమిది వందల గ్రాములకి పైగా నీళ్లే ఉంటాయి. రెండొందల గ్రాముల ఉప్పు అంటే ఆ నీటికి దాదాపు నాలుగో వంతు. అంత ఉప్పులో, అంత పులుపులో క్రిములు పెరగలేవు. ఆవకాయ ఏడాది నిలవడం వెనకున్న అసలు రహస్యం ఇదే.

ఇంట్లో బీపీ ఉన్నవాళ్లున్నారని ఈమధ్య చాలామంది ఉప్పు సగానికి తగ్గించి పచ్చడి పెడుతున్నారు. అది నిలవ పచ్చడి కాదు. ఫ్రిజ్‌లో పెట్టి త్వరత్వరగా తినేయాల్సిన పచ్చడి. డాక్టరు ఉప్పు తగ్గించమన్నారంటే కంచంలో ముద్ద తగ్గించాలి, జాడీలో ఉప్పు కాదు.

మిగతావి మీకు తెలిసినవే. ముక్కలు తుడిచి ఆరబెట్టుకోవడం, తడి గరిటె పెట్టకపోవడం, మూడో రోజు తిరగకలిపి నూనె పైకి తేలిందో లేదో చూడటం, జాడీకి పొడిగుడ్డతో వాసెన కట్టడం. ఈ వాసెన కట్టడం మానేసి ప్లాస్టిక్ మూతలు బిగిస్తున్నాం. గుడ్డ వాసెన వల్ల లోపల ఆవిరి నిలవదు. ప్లాస్టిక్ మూత కింద చెమట పట్టి, ఆ చుక్క మళ్లీ పచ్చడిలోనే పడుతుంది. ఊరే వారం రోజులైనా గుడ్డే కట్టండి.

ఆ అందమైన సీసాలు

ఇక ముప్పు సంగతి. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్లు అక్కడి పల్లె ఇళ్ల ఫొటోలు పంపుతుంటారు. గూళ్ల నిండా గాజుసీసాలు, వాటిలో ఎర్రటి టమాటాలు, పచ్చటి బీన్స్, క్యారెట్లు. ఏడాదైనా పాడవవట! చూడముచ్చటగా ఉంటాయి. మనమెందుకు చేసుకోకూడదు అనిపిస్తుంది.

నాకూ అలాగే అనిపించి ఒక ఏడాది పెరటి చిక్కుడు గింజల్ని ఉప్పునీళ్లలో ఉడికించి, వేడివేడిగా సీసాలో నింపి, మూత బిగించి, ఆ సీసాని మళ్లీ అరగంట మరిగే నీళ్లలో ఉంచి అటకెక్కించాను. మూడో వారానికి ఒక సీసా మూత పైకి ఉబ్బింది. రెండోది మామూలుగానే ఉంది. ఉబ్బినదాన్ని పారేసి, రెండోదాన్ని వండబోతుంటే, ఇంటికొచ్చిన మా బంధువులావిడ, నర్సుగా చేసి రిటైరయినావిడ, చేయి పట్టుకుని ఆపింది. "మూత ఉబ్బిందంటే దానికి తోడుగా పెట్టింది కూడా అంతే వదినా. కొంచెం నాలిక మీద వేసుకుని కూడా చూడొద్దు." తర్వాత చదివి తెలుసుకున్నాక నాకు చెమటలు పట్టాయి.

ఈ సీసా పద్ధతి కనిపెట్టింది నికొలా అప్పేర్ అనే ఫ్రెంచి మిఠాయివాడు. సైన్యానికి పాడవని తిండి కావాలని ఫ్రెంచి ప్రభుత్వం వెతుకుతుంటే, సీసాలో తిండి పెట్టి బిరడా బిగించి మరిగే నీళ్లలో ఉంచితే నిలుస్తుందని చూపించి 1810లో 12,000 ఫ్రాంకుల బహుమతి అందుకున్నాడు. ఎందుకు నిలుస్తుందో ఆయనకీ తెలియదు. క్రిముల సంగతి పాశ్చర్ తేల్చి చెప్పింది తర్వాతే. మరమూతతో గాజుసీసాకి అమెరికాలో జాన్ మేసన్ 1858లో పేటెంటు తీసుకున్నాడు. అక్కణ్నుంచి ఇంటింటికీ పాకింది.

కానీ ఒక క్రిమి ఉంది. పేరు క్లాస్ట్రీడియం బొట్యులినం. ఉండేది మట్టిలో, అంటే పెరట్లో కాసిన ప్రతి కూర మీదా ఉండొచ్చు. మామూలుగా మనల్ని ఏమీ చేయదు, ఎందుకంటే గాలి ఉన్నచోట అది పెరగదు. దాని విత్తనాలు మాత్రం నీళ్లు మరిగే 100 డిగ్రీల వేడికి చావవు. 121 డిగ్రీలు కావాలి. మనం సీసాలో కూర పెట్టి, మరిగించి, మూత బిగించామంటే మిగతా క్రిములన్నిటినీ చంపి, గాలి తీసేసి, దీనికొక్కదానికే సొంత ఇల్లు కట్టిచ్చామన్నమాట! అది వదిలే విషం చాలా కొద్దిగా చేరినా మనిషిని పడగొట్టేస్తుంది. ఘోరమేమిటంటే మూత ఉబ్బకపోవచ్చు, వాసన రాకపోవచ్చు, రంగు మారకపోవచ్చు.

పులుపులో మాత్రం ఇది పెరగలేదు. పులుపుని కొలిచే పీహెచ్ లెక్కలో 4.6 గీత. అంతకంటే తక్కువ ఉంటే పులుపు ఎక్కువున్నట్టు, భయం లేనట్టు. మామిడికాయ, నిమ్మ, ఉసిరి, అనాస గీతకి ఇవతల ఉన్నవి. చిక్కుడు, బెండ, క్యారెట్, మొక్కజొన్న, పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు, మాంసం, చేపలు అన్నీ అవతలివి. టమాటా ఆ గీత మీద నిలబడ్డది. ఒక కాయ ఇటు, ఒక కాయ అటు.

అమెరికాలోవాళ్లు బీన్స్ పెట్టేది మామూలు గిన్నెలో మరిగించి కాదు. దానికి వేరే పెద్ద ప్రెషర్ పాత్ర ఉంటుంది, ప్రెషరెంతో చూపే ముల్లు ఉంటుంది, ఏ కూరకి ఎన్ని నిమిషాలో పట్టిక ఉంటుంది. "మనకీ కుక్కర్ ఉందిగా" అంటారేమో. మన కుక్కర్ చిన్నది. త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. ఆ పట్టికలో నిమిషాలు దానికి వర్తించవు. ఎన్ని విజిల్సు అని లెక్కపెట్టి నమ్ముకునే పని కాదిది. కాబట్టి పుల్లనివి తప్ప మరేవీ సీసాల్లో పెట్టకండి. తొలకరికి రోడ్డు పక్కన అమ్మే పుట్టగొడుగులు ఎక్కువ కొన్నా ఎండబెట్టుకోండి చాలు. (అదీ తెలిసినవాళ్ల దగ్గర కొన్నవే. అడవి పుట్టగొడుగుల్లో విషపువీ ఉంటాయి.) వెదురు కొమ్ములైతే సన్నగా తరిగి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ మంచినీళ్లలో ఉడికించి, ఆపైన ఎండబెట్టాలి. మొదటి నీళ్లలో చేదుతోపాటు విషపదార్థం కూడా పోతుంది.

పచ్చి వెల్లుల్లి రెబ్బల్ని ఉత్త నూనెలో వేసి బయట ఉంచడం కూడా ఇదే ముప్పు. ఆవకాయలో వెల్లుల్లి ఏం కాదు, అక్కడ ఉప్పూ పులుపూ కాపలా ఉన్నాయి. ఉత్త నూనెలో ఎవరున్నారు?

ఇంకో మాట, బాలింత ఉన్న ఇళ్లకి. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ పుణ్యమా అని అడవి తేనె మన ఊళ్లలో బాగా అలవాటు. పుట్టిన బిడ్డ నాలిక మీద తేనె రాయడం ఆచారం. కానీ ఈ బొట్యులినం విత్తనాలు తేనెలో ఉండొచ్చు. పెద్దవాళ్ల కడుపు తట్టుకుంటుంది, ఏడాది లోపు పసికందు తట్టుకోలేదు. స్వచ్ఛమైన తేనె అయినా, మరిగించినా సరే, ఏడాది నిండేదాకా వద్దు. అమ్మమ్మలతో, నానమ్మలతో నెమ్మదిగా చెప్పి ఒప్పించండి.

ఎప్పుడైనా నిలవ తిండి తిన్న ఒకటి రెండు రోజుల్లో చూపు రెండుగా కనబడటం, రెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, మింగలేకపోవడం... వీటిలో ఏది కనబడినా, జ్వరం లేదుగా అని ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఏం తిన్నారో డాక్టరుకి చెప్పండి. వీలైతే ఆ సీసా కూడా తీసుకెళ్లండి.

భయపెట్టేశానా? టమాటాని సీసాలో పెట్టుకునే దారి చెబుతాను. పండిన గట్టి టమాటాలు వేడినీళ్లలో ముంచి తొక్క తీసి, చిదిమి, ఐదు నిమిషాలు తెర్లనివ్వండి. అరలీటరు సీసాకి పావు టీస్పూను నిండుగా నిమ్మ ఉప్పు వేయండి. ఇదే ఆ గీత దాటించేది, మానకండి. చింతపండు పులుపే అయినా ఎంత పులుపో కొలత దొరకదు, బదులుగా వాడకండి. వేడినీళ్లలో ఉంచిన సీసాలో వేడి గుజ్జు నింపి, పైన అర అంగుళం ఖాళీ ఉంచి, లోపల మెత్తటి పట్టీ ఉన్న కొత్త మూత పెట్టండి. సీసాలు మునిగి పైన అంగుళం నీళ్లు ఉండే గిన్నెలో, అడుగున గుడ్డ వేసి, నీళ్లు తెర్లడం మొదలయ్యాక 45 నిమిషాలు ఉంచండి. మన ఊరు ఎత్తు మీద లేదు కనుక ఈ టైం సరిపోతుంది. కొండ ఊళ్లవాళ్లకి ఇంకా ఎక్కువ కావాలి. చల్లారాక మూత నడుమ నొక్కితే కదలకూడదు, లోపలికి పీల్చుకుని ఉండాలి. కదిలిందా, ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి. పాత హార్లిక్స్ సీసాలు వద్దు, వేడికి పగులుతాయి.

ఇంత తతంగం ఎందుకనుకుంటే టమాటా వరుగులు ఉండనే ఉన్నాయి. నిజం చెప్పాలంటే నేనిప్పుడు వాటితోనే సరిపెట్టుకుంటున్నాను.

నీళ్లు ఇంట్లోకొస్తే

లోతట్టున ఉన్న ఇళ్లవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ఆవకాయంతా ఒకే పెద్ద జాడీలో పెట్టకండి. మూడు చిన్న జాడీల్లో పెడితే పునరావాస కేంద్రానికి వెళ్లేటప్పుడు ఒకటి చంకన పెట్టుకోవచ్చు, పెద్ద జాడీని ఎవరూ మోయలేరు. వరుగులూ వడియాలూ పలచటి పాలిథీన్ కవర్లో కట్టి, ఆపైన మూత డబ్బాలో పెట్టి, పేరు, తేదీ రాసి అన్నిటికంటే పై అటక మీద ఉంచండి. మొదటి హెచ్చరిక వినగానే సర్దుకోండి, మూడోదాకా ఆగకండి.

వరద తీశాక ఇంటికొస్తే, బురదలో జాడీ బోర్లాపడకుండా నిలబడి కనబడుతుంది. వాసెన కూడా ఊడి ఉండదు. పైన నూనె మిలమిలలాడుతూ ఉంటుంది. ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. కానీ ఆ నీళ్లు జాడీ మూతిని తాకి ఉంటే అది మనది కాదు. వరదనీరంటే మురుగు, చచ్చిన పశువులు, పొలాల మందులు అన్నీ కలిసిన నీరు. గుడ్డ వాసెనే కాదు, మరమూత సీసా అయినా, ఇంట్లో పెట్టిన టమాటా సీసా అయినా నీళ్లు తాకితే పారేయాల్సిందే. ఏడాది కష్టం గోతిలో పోస్తుంటే ఏడుపొస్తుంది. ఏడ్చినా సరే, పోసేయండి.

అటక మీది డబ్బా పొడిగా ఉందా? అయితే ఆ పూట ఒక్క పొయ్యి మీద అయిపోయే వంట ఇది.

వరుగుల పప్పుపులుసు

వంకాయ, గోరుచిక్కుడు వరుగులు రెండు గుప్పిళ్లు. మామిడి వరుగులు నాలుగు ముక్కలు. కందిపప్పు ఒక టీగ్లాసు. చింతపండు చిన్న నిమ్మకాయంత. ఉల్లిపాయ ఉంటే ఒకటి. పసుపు, కారం, ఉప్పు. తాలింపుకి ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, వెల్లుల్లి.

వరుగుల్ని కడిగి, వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. వాటిలో అప్పటికే ఉప్పు ఉంటుంది కనుక ఉప్పు చివర్లో రుచి చూసి వేయాలి. పప్పు సగం ఉడికాక నానిన వరుగులు, ఉల్లిముక్కలు, పసుపు, కారం వేసి మెత్తబడనివ్వండి. చింతపండు రసం, మామిడి వరుగులు వేసి పావుగంట మరిగించి తాలింపు పెట్టండి. తాలింపు గరిటెలోనే ఇంకాస్త నూనె పోసి రెండు ఊరమిరపకాయలు నల్లగా వేయించి తీయండి. చెప్పకపోతే పిల్లలు ముందు అవే అయిపోగొడతారు, మీకో రెండు పక్కన తీసి పెట్టుకోండి.